పిల్లికి బిచ్చం



పరమ లోభిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మన పెద్దలు "వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అన్నారు. కుక్క అనలేదు, ఆవు అనలేదు, పిల్లి అన్నారు. ఎందుకని? కుక్కకు ఒక ముద్ద వేస్తే రాత్రి వాకిట్లో పడుకొని కాపలా కాస్తుంది. ఆవుకు గడ్డి వేస్తే చెంబెడు పాలిస్తుంది. పిల్లికి పెట్టిన దానికి తిరిగి వచ్చేది ఏమీ లేదు. తిన్నంత తిని, మూతి నాకి, గోడ దూకి పోతుంది. ఎలుకలు పడుతుంది కదా అంటారేమో, అది మన కోసం కాదు, తన కోసం. అందుచేత పిల్లికి పెట్టగలిగిన చేయి ఎవరికైనా పెట్టగలదని ఆ సామెత చేసినవారి లెక్క కాబోలు. ఆ లెక్క నిజమేనా అని నేను ఎన్నడూ ఆలోచించలేదు. బతుకమ్మ పండుగ రోజుల్లో ఆలోచించవలసి వచ్చింది.

మా ఊరు తొర్రూరు. మునుపు వరంగల్ జిల్లా, 2016 నుండి మహబూబాబాద్ జిల్లా. వరంగల్ నుండి ఖమ్మం పోయే పెద్దరోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. ఆ రోడ్డు పక్క మురికి కాలువ అంచున, ఒక వాన సాయంత్రం మా మనవరాలికి పిల్లికూన ఒకటి దొరికింది. దొరికింది అనడం కన్నా వినిపించింది అనడం సరి. తల్లి ఏమయిందో తెలియదు. కూనకు రెండు కళ్లూ పుసులు కట్టి మూసుకుపోయాయి, ఒళ్లు తడిసి ముద్దయింది, అరవడానికి నోరు తెరుస్తుంది కానీ సగంసార్లు శబ్దం రాదు. ఇది రాత్రి దాటదని నాకు అనిపించింది. ఆ మాట పిల్ల ముందు అనలేక "సరే, ఈ ఒక్క రాత్రికి" అన్నాను. మన మంచి పనుల్లో చాలా వరకు ఈ విధంగా, కాదనలేని మొగమాటంతోనే మొదలవుతాయి.

మొదట చేసిన పనే తప్పు. ఆవుపాలు వెచ్చజేసి దూదితో నోట్లో పిండాము. తెల్లవారేసరికి విరేచనాలు. పశువుల డాక్టరుగారి దగ్గరకు తీసికొనిపోతే, అక్కడ బర్రెలకూ మేకలకూ మధ్య నిలబడిన నా చేతిలోని గుడ్డమూటను చూసి నలుగురు నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. ఆయన చెప్పినవి నాకు కొత్త. పిల్లికూన చల్లబడి ఉన్నప్పుడు ఏమీ పట్టకూడదట, అరగదు. ముందు వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి ఒళ్లు వెచ్చబరచాలి. ఆవుపాలలోని చక్కెర దాని పేగులకు పడదు, పిల్లికూనల కోసమే చేసే పాలపొడి ఉంటుంది. పసిబిడ్డను పట్టుకున్నట్టు వెల్లకిల పట్టుకొని పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగేటట్టు బోర్లా ఉంచి, మూడు నాలుగు గంటలకోసారి పట్టాలి. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటుంది. జ్వరమని జాలిపడి మన ఇళ్లలో ఉండే పారాసెటమాల్ బిళ్ల ముక్క వేయకూడదు, అది పిల్లికి విషం. మన కాలేయం చేసే కొన్ని పనులు పిల్లి కాలేయం చేయలేదు. ఫినాయిలు వేసి తుడిచిన నేల మీద కూడా దానిని తిరగనివ్వవద్దన్నారు. నడిచిన కాళ్లను అది నాకుతుంది, నేల మీద ఉన్నది కడుపులోకి పోతుంది.

ఈ చివరి మాటను దయచేసి గుర్తుంచుకోండి. నేను మరచిపోయాను.

పాలపొడి హన్మకొండ నుండి తెప్పించాము. కంట్లో వేయడానికి చుక్కల మందు ఇచ్చారు. రోజూ తూకం వేయమన్నారు. పెరిగే కూన రోజుకు పది గ్రాములైనా పెరగాలట. మొదటిరోజు 240 గ్రాములు తూగింది. రెండోరోజు 236. మూడోరోజు 238. ఆ రెండు గ్రాములకు మా ఇంట్లో ఎంత సంతోషం కలిగిందో చెబితే నవ్వుతారు.

గ్రాముల లెక్కన తూచే త్రాసు మా ఇంట్లో ఎందుకు ఉందంటారా? అది నూలు కోసం కొన్నది. ఈ కథలో అది రెండో సగం.

నేను ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరయిన వాణ్ణి. చేతులు ఖాళీ అయ్యాయి. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్లు నూలుకు రంగులు వేసి బ్రతికినవాడు. వరంగల్ కొత్తవాడ తివాచీలు, షత్రంజీలు పాఠకులకు తెలియనివి కావు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు పోయాయి. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అట్టి పనికి నూలు రంగు వేసిన చేతులు ఆయనవి. ఇప్పుడు ఆ పని లేదు, కన్ను ఆనదు. "నాకు నేర్పుతారా" అని అడిగితే మొదట నమ్మలేదు. "సారూ, మీకెందుకు గీ మురికి పని? మా పిలగాండ్లే వద్దని పోయిండ్రు" అన్నాడు. కాలక్షేపానికి అని చెప్పడానికి సిగ్గయింది. ఆయనకు కూడు పెట్టిన పని నాకు కాలక్షేపం! ఏదో నసిగాను. ఆయన పెద్ద మనసుతో ఒప్పుకున్నాడు.

నిజానికి రంగు అద్దడం మన ఊళ్లలో ఎవరికి తెలియదు? బతుకమ్మ పేర్చే ఇంట్లో గునుగు పూలను కట్టలు కట్టి, కొసలు కోసి, రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టడం ఆడపిల్లలందరికీ వచ్చును. తెల్లని గునుగు ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా మారి తంగేడు పసుపు పక్కన కూర్చుంటుంది. అయితే పువ్వుకు ఒక్క రోజు నిలిస్తే చాలు. నూలుకు అట్లా కాదు, ఉతకాలి, ఎండలో ఆరాలి. పండుగకూ సంసారానికీ ఉన్నంత తేడా ఉంది.

నూలు చిలపను త్రాసులో తూచడంతో పని మొదలు. పొడి నూలు ఎంత తూగితే దానిని బట్టి మిగతావన్నీ. చాకలి సోడా వేసిన నీళ్లలో బాగా ఉడికించి నూలులోని మైనం, జిడ్డు పోగొట్టాలి. తెల్లగా కనిపించే నూలు నుండి టీ నీళ్ల వంటి మురికి దిగుతుంది. తరువాత కరక్కాయ పొడి నానిన నీళ్లలో ఉంచాలి. కరక్కాయలోని వగరు నూలును పట్టుకుంటుంది, ఆ వగరును పటిక పట్టుకుంటుంది, పటికను రంగు పట్టుకుంటుంది. పత్తికి నేరుగా రంగును పట్టుకునే గుణం తక్కువ. గొర్రె ఉన్నికి, పట్టుకు ఉన్నంత చొరవ దానికి లేదు. మధ్యవర్తులు కావాలి. నూరు గ్రాముల నూలుకు పదిహేను నుండి ఇరవై గ్రాముల పటిక. కరక్కాయ వేసిన నూలును అన్నభేది నీళ్లలో ముంచితే కళ్ల ముందే బూడిదరంగు, తరువాత నలుపు. ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్క, బంతిపూలు, మోదుగు పూలు, ఇవన్నీ పసుపు నుండి నారింజ వరకు ఏదో ఒక ఛాయ ఇస్తాయి. వంటింటి పసుపు మాత్రం మోసగత్తె. మొదటిరోజు బంగారంలా మెరిసింది, వారం ఎండకు వెలవెలబోయింది. సబ్బు తగిలితే ఎర్రబడింది. తరగతి గదిలో క్షారాన్ని గుర్తించడానికి పిల్లలకు ఎన్నిసార్లు చూపించానో ఆ రంగుమార్పు. అయినా నా నూలు ఎర్రబడినప్పుడు కొయ్యబారిపోయాను.

పెద్దాయన నేర్పినది లెక్కలు కాదు, చేయి. "సారూ, పొడి నూలును రంగుల ముంచితే కొసలు తాగుతయ్, నడుమ తాగది. ముందుగాల నీళ్లల్ల నానబెట్టుండ్రి. కర్రకేసి తిప్పుతనే ఉండుండ్రి. మీరు ఫోను చూసుకుంట కూసుంటే అది చారలు కొడ్తది." నిజమే. నేను ఒకసారి పాలు పట్టే వేళయిందని లేచిపోయాను. అయిదు నిమిషాలు. ఆ చిలప ఒక పక్క బంగారం, ఒక పక్క గడ్డి రంగు. ఆయన దానిని పారవేయనివ్వలేదు. "పిల్లి పేరు మీద ఉంచుకోండ్రి" అన్నాడు.

నీలి మందు గూర్చి ఆయన తన తాత కాలపు మాటలు చెప్పేవాడు. సున్నం, బెల్లం, తగిరిస గింజలు వేసి కుండలో పులియబెట్టేవారట. నీలిలో ముంచిన నూలు కుండ నుండి పసుపుపచ్చగా వస్తుంది, గాలి తగలగానే నీలమవుతుంది. ఇది నాకు రసాయనశాస్త్రం. ఆయనకు మాత్రం ఈనాటికీ ఆశ్చర్యమే. ఆయన ఆశ్చర్యమే సరైనదని ఇప్పుడు నాకనిపిస్తుంది. అయితే ఆ నీలిమందు పండించిన చేతుల కథ వేరు. బెంగాలు రైతులు 1859లో తోటదొరల మీద తిరగబడ్డారు. 1917లో గాంధీగారిని చంపారన్‌కు రప్పించినదీ ఆ పంటే. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని బజారులో పెట్టాక ఆ సాగు క్షీణిస్తూ వచ్చింది. రైతు మీద బలవంతం చేసింది చెట్టు రంగు, ఆ బలవంతాన్ని సడలించినవాటిలో ఒకటి ఫ్యాక్టరీ రంగు. చెట్టుదంతా మంచి, రసాయనమంతా చెడు అనుకునే వారికి ఈ చరిత్ర కొంచెం ఇబ్బందికరం. నేనూ అట్లా అనుకున్నవారిలో ఒకణ్ణే. ఇది "ప్రకృతి రంగు" కదా, దీనిలో దోషమేముంది అని ధైర్యంగా ఉన్నాను.

ఇట్లా ఒక పొయ్యి మీద కరక్కాయ, ఒక పొయ్యి మీద కూనకు వేడినీళ్లు. ఒకే త్రాసులో ఉదయం పిల్లి, సాయంత్రం పటిక. పది రోజులకు కూన ఒక కన్ను తెరిచింది. రెండో కంటి మీద తెల్లని పొర మిగిలింది. 310 గ్రాములు.

అప్పుడే ఆ మాట వచ్చింది. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె, నేను చుక్కల మందు వేస్తుంటే చూసి, కోపంగా కాదు, ఎగతాళిగానూ కాదు, "సారూ, పిల్లికి సుత డాక్టరున్నడా? మా పిలగానికి నాలుగొద్దుల సంది జరం. ఆరెంపీ సూదిచ్చిండు. తగ్గుత లేదు" అంది. అని, తన పని తాను చేసుకొని పోయింది.

మా ఇంటావిడ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అననవసరం లేదు.

కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1992లో వెలువడింది. జంతువులను గూర్చి అందులో 2415 నుండి 2418 వరకు నాలుగు చిన్న పేరాలున్నాయి. జంతువులు దేవుని సృష్టి, వాటి యెడల దయ చూపాలి, అనవసరంగా వాటిని బాధించడం మనిషి గౌరవానికే తగదు అని చెబుతూ, పునీత అస్సీసిపుర ఫ్రాన్సిస్‌ను, పునీత ఫిలిప్ నేరిని తలచుకుంటుంది. అంతటితో ఆగదు. మనుషుల కష్టం తీర్చడానికి ముందుగా పోవలసిన డబ్బును జంతువుల మీద ఖర్చు పెట్టడం కూడా తగదని అక్కడే చెబుతుంది. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో, 2418లో, పక్కపక్కనే ఉన్నాయి. నాకు అనుకూలమైనది ఒకటి, నన్ను నిలదీసేది మరొకటి. ఆ రాత్రి లెక్క వేశాను. పాలపొడి, మందు, రానుపోను ఖర్చులు కలిపి కూన మీద 1,140 రూపాయలు.

పునీత తోమాస్ అక్వినాసుగారు జంతువుల యెడల దయను మనిషి మనసుకు అలవాటుగా చూశారు. జంతువును హింసించే చేయి మనిషినీ హింసించడానికి అలవాటు పడుతుంది, దానిపై జాలిపడేవాడు తోటివానిపై జాలిపడడం నేర్చుకుంటాడు అన్నది ఆయన భావం. మన సామెత లెక్కా ఇంచుమించు ఇదే. కానీ నా అనుభవం అందుకు అడ్డు వచ్చింది. పిల్లికి బిచ్చం పెట్టాను. పది రోజులు రాత్రిళ్లు లేచి పెట్టాను. ఆ పది రోజుల్లో మా ఇంటికి రోజూ వచ్చే ఆమె ముఖం వాడి ఉండడం ఒక్కసారీ నా కంటబడలేదు. దయ అనేది కుండలో నీళ్లలా ఒకచోట పోస్తే అంతటా సమంగా నిలబడేది కాదు కాబోలు. పొడి నూలు వలె కొసన తాగుతుంది, నడుమ తాగదు.

అయితే మరొకటి కూడా లెక్కలో తేలింది, అది చెప్పకపోతే పిల్లికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. అదే నెలలో నూలుకు, రంగు సామానుకు, రెండు స్టీలు గంగాళాలకు, త్రాసుకు కలిపి నేను 3,800 రూపాయలు ఖర్చు పెట్టాను. ఆ డబ్బు పేదవానికి పోవలసింది కదా అని ఒక్కరూ అడగలేదు. నన్ను నేను అడగలేదు. గిన్నెలు తోమే ఆమె కూడా "నూలుకు ఇన్ని పైసలా" అనలేదు. మనం మన సరదా కోసం పెట్టే ఖర్చుకు ఎవరూ సంజాయిషీ అడగరు, అది మన ఇష్టం. జాలిపడి పెట్టిన దానికి మాత్రం "మనుషులు లేరా?" అనే ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్న అడిగేవారిలో చాలామంది అటు పిల్లికీ పెట్టరు, ఇటు మనిషికీ పెట్టరు. ఆమె సంగతి వేరు, అడిగే హక్కు ఆమెకుంది. నా వంటివాడు ఆ ప్రశ్నను పిల్లి దగ్గరే ఎందుకు ఆపాలి? గంగాళాల దగ్గర, పట్టుచీర దగ్గర, పెళ్లి పందిరి దగ్గర కూడా అడగాలి కదా?

దావీదు రాజు దగ్గరకు ప్రవక్త నాతాను పోయి ఒక పేదవాని గొర్రెపిల్ల కథ చెబుతాడు. ఆ పేదవాడు దానిని తన కంచంలోనే తినిపించి, ఒడిలో పడుకోబెట్టుకొని కూతురిలా పెంచుకుంటాడు. లేనివాడికి ఈ ముద్దు ఏమిటని ప్రవక్త వెక్కిరించడు. ఆ ముద్దునే సాక్ష్యంగా పెట్టి రాజును దోషిగా నిలబెడతాడు. పిల్లి విషయంలో మాత్రం గ్రంథం పెద్దగా సహాయపడదు. నాకు తెలిసినంతలో పిల్లులు కనిపించేది ఒక్క బారూకు ఆరవ అధ్యాయంలోనే, అదీ విగ్రహాల నెత్తిన కూర్చోవడానికి. పిల్లి స్వభావం తెలిసినవారెవరో రాసి ఉంటారు.

మరునాడు పిల్లవాణ్ణి ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోయాము. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. పూర్తిగా మందులు వాడారు, తగ్గింది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నాలుగు రోజులు ఆలస్యంగా చేసిన పని.

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం లేదు.

దీపావళి వెళ్లిన వారం బంతిపూలు చవకగా వచ్చాయి. బంతిపూల పసుపును ముదురు ఆకుపచ్చ చేయాలంటే మైలతుత్తం కొద్దిగా కలపాలి. మన రైతులకు తెలిసినదే, సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తెగుళ్లకు కొడతారు. అర కిలో నూలుకు పది గ్రాములు వేశాను. పెద్దాయన వద్దన్నాడు. "ఇంట్ల పసికూన ఉన్నప్పుడు అది తేవద్దు సారూ. మేం చేసినప్పుడు గిన్నెలు వేరు, జాగా వేరు, పిల్లగాండ్లను రానియ్యకపోతుంటిమి." నేను నవ్వి, ముప్పై ఏళ్లు దీని గూర్చి పాఠం చెప్పినవాణ్ణి అన్నాను. నీలి స్ఫటికాలను వేడిచేస్తే తెల్లబడడం, నీటి చుక్క వేస్తే మళ్లీ నీలమవడం ఎంతమంది పిల్లలకు చూపించాను!

చిలపలను వెనక వసారాలో దండెం మీద వేశాను. రంగు బాగా కుదిరింది, వానకు తడిసిన వేపాకు రంగు. కింద నేల మీద చుక్కలు చుక్కలుగా కారింది. కూన అప్పటికి ఇల్లంతా తిరుగుతోంది. చుక్కల మధ్య నడిచింది, కూర్చుంది, అరికాళ్లు నాకింది. పిల్లి శుభ్రమైన జంతువు, అదే దానికి కీడయింది. రాత్రి పదింటికి వాంతులు మొదలయ్యాయి. నురగ, చొంగ. ఏ నీళ్లు పట్టినా నిలవలేదు. మా మనవరాలు ఏడవలేదు, నన్ను చూస్తూ కూర్చుంది. ఏమి పడిందో నాకు తెలుసు. తెలిసీ ఆ పిల్లకు వెంటనే చెప్పలేకపోయాను. నా చదువు, నా జాగ్రత్త, నా పది రోజుల సేవ, అన్నీ కలిసి ఆ చుక్కను తుడవడానికి ఒక తడిగుడ్డపాటి పని చేయలేదు. తెల్లవారి డాక్టరుగారు చర్మం కింద సెలైన్ ఎక్కించారు. రెండు రోజులు ఏమీ తినలేదు. మూడోరోజు కాస్త పాలు ముట్టింది. బ్రతికింది.

ఆ రాత్రి అది వాంతి చేసుకుంటుంటే వసారా కడగడానికి లేచాను. బకెట్టు నీళ్లు కుమ్మరించి చీపురుతో తోశాను. నీళ్లు తూములో నుండి వీధి కాలువలోకి పోయాయి. అదే తూములోకి ఆ సాయంత్రం మైలతుత్తం కలిసిన గంగాళం రంగునీళ్లు కూడా పారబోశాను. చీపురు పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. ఆ కాలువ ఎక్కడికి పోతుంది? నేను ఆ ఇంట్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నాను. ఆ కాలువ మా ఇల్లు దాటాక ఎటు తిరుగుతుందో నాకు తెలియదు.

పొద్దున్నే దాని వెంబడి నడిచాను. నాలుగు ఇళ్లు దాటి, పల్లానికి తిరిగి, గిన్నెలు తోమే ఆమె గుడిసె వాకిటి ముందు నుండి పోతుంది. ఆమె కోళ్లు ఆ నీళ్లు తాగుతాయి. అక్కడి నుండి చెరువు వైపు పోతుంది. పిల్లవాని టైఫాయిడ్‌కు నా రంగునీళ్లే కారణమని రాస్తే కథ బాగా కుదురుతుంది, కానీ అది అబద్ధం. ఆ జ్వరం వేరు, అది ముందే వచ్చింది. కోళ్లకు కూడా ఏమీ కాలేదు. అయినా చేపలకు మైలతుత్తం కొంచెం ఎక్కువైనా ప్రాణాంతకమని నేనే పాఠంగా చెప్పాను. పిల్లి నా ఇంట్లో ఉంది గనుక, దాని నాలుక నా కంటి ముందు ఉంది గనుక, ఒక చుక్క ఎంత పని చేస్తుందో చూశాను. గడప దాటిన గంగాళం ఏమి చేసిందో చూడలేదు. దానిని చూసే పని నాది కాదనుకున్నాను.

ఇది నా ఒక్కడి గంగాళం మాట. తమిళనాడులోని తిరుప్పూరు మనకు బనియన్ల ఊరు. వందలకొద్దీ అద్దకం ఫ్యాక్టరీల నీళ్లు అక్కడి నొయ్యల్ నదిలోకి పోయాయి. దిగువన రైతుల సాగు కోసం కట్టి 1992లో పూర్తిచేసిన ఒరత్తుపాళయం ఆనకట్ట రంగునీళ్ల తొట్టిగా మారింది. ఏ నీళ్ల కోసం కట్టారో ఆ నీళ్లే పొలానికి పెట్టవద్దని రైతులు కోర్టుకు పోయారు. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసివేయమన్నది. ఏడు వందలకు పైగా మూతబడ్డాయి. అప్పుడు కూలీలు వీధిన పడ్డారు. ఎవరి వైపు నిలబడాలి? పొలం పోయిన రైతు వైపా, పని పోయిన కూలీ వైపా? ఈ ప్రశ్న వారిద్దరి మధ్య పెట్టి, బనియను తొడుక్కున్న మనం పక్కకు తప్పుకున్నాం. ఆ బనియను చవకగా దొరికింది, మిగతా వెల నది కట్టింది. పోపు ఫ్రాన్సిస్ 2015లో సృష్టి సంరక్షణ గూర్చి రాసిన విశ్వలేఖలో పారవేసే అలవాటును గూర్చి, పేదవాని మొరనూ భూమి మొరనూ కలిపి వినడం గూర్చి చెప్పారు. నేను అది చదివాను, దాని మీద విచారణలో ఒకసారి మాట్లాడాను కూడా. మాట్లాడి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్న నీళ్లు ఏ కాలువలోకి పోయాయో చూడలేదు.

పెద్దాయన దగ్గరకు పోయి జరిగింది చెప్పాను. ఆయన మందలించలేదు. తన చేతులు చూపించాడు. గోళ్ల మొదళ్లలో నలుపు, వేళ్ల మీద చర్మం మందంగా, చెక్కలా. "కాస్టికు సారూ. కడిగితే పోయేది కాదు. మేం కడిగిన నీళ్లు గూడ గా చెర్లకే పోయినయ్. మాకెవలు చెప్పిండ్రు? ఒగల జెప్పినా పొట్టకోసం చేస్తిమి." కాసేపు ఊరుకొని, "మీరు పొట్టకోసం చేస్తలేరు గద" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పొట్టకోసం చేసినవానికి ఉన్న సంజాయిషీ సరదాకు చేసినవానికి లేదు. ఇంతకన్నా కఠినమైన మాట నాకు ఎవరూ చెప్పలేదు, ఆయన దానిని కఠినంగా అనలేదు కూడా.

ఆ తరువాత మైలతుత్తం ముట్టలేదు. పటిక, కరక్కాయ, బంతిపూలతోనే వేస్తున్నాను. ఆకుపచ్చ రాదు, పసుపుతో సరిపెట్టుకున్నాను. కడిగిన నీళ్లు బాగా పలచన చేసి పెరట్లో జామచెట్టుకు దూరంగా మట్టిలో పోస్తున్నాను. నూలు తడిగా ఉన్నంతసేపు వసారా తలుపు వేసి ఉంటుంది. తలుపు అవతల కూన అరుస్తూ ఉంటుంది. ఇప్పుడు కిలో పైనే తూగుతుంది. తెల్లపొర కన్ను అట్లాగే ఉంది, చూపు రాదన్నారు. ఎవరైనా తీసికొనిపోతారా అని మొదట్లో వాకబు చేశాము. ఒంటికన్ను పిల్లి ఎదురొస్తే అపశకునమని ఇద్దరు వెనక్కి పోయారు. ఈ ఒక్క రాత్రికి అన్నది మా ఇంట్లోనే ఉండిపోయింది. గిన్నెలు తోమే ఆమె కొడుకు సెలవురోజుల్లో వచ్చి దానితో ఆడుతాడు. వాణ్ణి గీరితే భయమని పిల్లికి పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకా వేయించాము. దానికీ ఖర్చయింది. లెక్క పుస్తకంలో రాశాను, ఈసారి గంగాళాల పక్క పేజీలో.

మిగిలినది ఒకటే. ఆ రోజు రెండో గంగాళంలో పారబోయకుండా మిగిలిన మైలతుత్తం నీళ్లు సుమారు నాలుగు లీటర్లు. సున్నం కలిపి తేర్చాను. పైన నీళ్లు తేటగా నిలిచాయి, అడుగున నీలి ముద్ద దిగింది. నాకు తెలిసిన రసాయనశాస్త్రం అక్కడితో సరి. ముద్దలో రాగి అట్లాగే ఉంది. కాలువలో వేయలేను. మట్టిలో పాతితే వాన తీసికొనిపోతుంది. చెత్త బండి అబ్బాయిని అడిగితే "ఇయ్యండ్రి సారూ, పడేస్త" అన్నాడు. ఎక్కడ పడేస్తావని అడిగాను. ఊరి బయట స్థలం చెప్పాడు. ఆ పక్కన ఎవరి చేను ఉందో నాకు తెలుసు. వద్దని డబ్బా వెనక్కి తీసికొని వచ్చాను. అది మా మెట్ల కిందనే ఉంది. పిల్లి దొర్లించకుండా మూత బిగించి, పైన ఇటుక పెట్టాను.